మా అమ్మకు కప్పిన శాలువా

మా అమ్మకు శాలువా కప్పిన రోజున చర్చి నిండా చప్పట్లు మోగాయి. నేనూ కొట్టాను. ఫోనులో ఫొటోలు తీసి బంధువుల గ్రూపులో పెట్టాను. మన తెలుగువాళ్లు ఒక మనిషిని వదిలించుకోవాలంటే తిట్టరు, మెడపట్టి గెంటరు. వేదిక మీదకు పిలిచి, కుర్చీ వేసి, శాలువా కప్పి, దండ వేసి, చేతిలో ఒక జ్ఞాపిక పెట్టి పంపించేస్తారు. పొమ్మనలేక పొగబెట్టడం అంటారు కదా, ఆ పొగ సాంబ్రాణి పొగ అయితే మనకు ఇంకా ఇష్టం. ఆఫీసులో ఇలాంటి సన్మానాలు ఎన్నో చూశాను. దేవుడి ఇంట్లో కూడా అదే పని చేస్తారని మాత్రం ఆ పూట నాకు తట్టలేదు.

అమ్మ పోయింది. నా కోపం పోలేదు. చర్చిలో గురువుకు పాపాలు చెప్పుకునే పాపసంకీర్తనానికి వెళ్లి తెర ఇవతల మోకరించి ఈ కోపం గురించే చెప్పుకుంటే, అవతల ఉన్న గురువు క్షమించమన్నాడు. క్షమిస్తాను ఫాదర్, ముందు జరిగిందంతా ఒకసారి చెప్పుకోనివ్వండి అన్నాను. వెనక చాలామంది ఉన్నారమ్మా అన్నాడాయన. అందుకే ఇక్కడ రాస్తున్నాను. ఇక్కడ నా వెనక ఎవరూ లేరు.

ఎవరో రాసిన సాఫ్ట్‌వేర్‌లో తప్పులు వెతకడం నా ఉద్యోగం. హైటెక్ సిటీలో అద్దాల మేడలో కూర్చోబెట్టి అందుకే జీతమిస్తారు. ఇంట్లో కూడా నా నోరు అదే ఉద్యోగం చేస్తుందని మా ఆయన అంటాడు. నిజమే. మా అమ్మ నోట్లో నాలుక లేని మనిషి. ఆమె వాటా కూడా నాకే వచ్చింది. పాటకు తప్ప అమ్మ నోరు తెరిచి ఎవరినీ ఒక్క మాట అడిగింది లేదు.

అమ్మ నల్లగొండ వైపు ఒక పల్లెలో పుట్టింది. ఆ ఊళ్లో మిషను గుడి చుట్టూ కథోలికుల ఇళ్లు ఉండేవి, గుడి పక్కనే సిస్టర్ల బడి. ఆ బడిలో పాటలు నేర్పే సిస్టరు అమ్మ గొంతు విని చిన్నపిల్లగా ఉన్నప్పుడే గుళ్లో ముందు నిలబెట్టి పాడించింది. అంతవరకు మంచిదే. ఆ పైన ఒక మాట కూడా చెప్పింది. గొంతు దేవుడిది, నీది కాదు. బాగా పాడావని ఎవరైనా అంటే చెవులు మూసుకో, లేకపోతే గర్వం లోపలికి వస్తుంది, గర్వం అన్ని పాపాల్లోకీ పెద్దది అని. ఆ సిస్టరు ఎప్పుడో పరలోకానికి వెళ్లి ఉంటుంది. అక్కడ ఆమె కనిపిస్తే నేను అడగవలసినవి చాలా ఉన్నాయి. పిల్లకు పాట ఇచ్చి, పాట బాగుందన్న సంతోషం మాత్రం తీసి దాచుకున్నారు.

అమ్మ ఆ మాటను జీవితమంతా మోసింది. పూజ అయ్యాక ఎవరైనా దగ్గరికొచ్చి ‘మంచిగ పాడినవ్ పెద్దమ్మా’ అంటే కొంగు చెవుల మీదికి లాక్కుని, సిలువ గుర్తు వేసుకుని, ‘దేవునికి చెప్పు బిడ్డా’ అంటూ గబగబా వెళ్లిపోయేది. మూసాపేటలో ఒక కార్ఖానాలో పనిచేసిన మా నాయన పెళ్లయిన కొత్తలో అన్నం తింటూ ‘ఇయ్యాల నీ పాట మంచిగుండె’ అన్నాడట. అమ్మ గరిటె అక్కడే వదిలేసి గోడకున్న మరియమాత పటం ముందుకు పోయి నిలబడిందట. ఆ తర్వాత ఆయన పద్ధతి మార్చాడు. ఆదివారం అన్నం ముందు కూర్చుని, ‘ఇయ్యాల పప్పు మస్తుగ పాడిందే’ అనేవాడు. మేం పిల్లలం పడీ పడీ నవ్వేవాళ్లం. అమ్మ మాత్రం పప్పు గురించే అనుకుని ఇంకో గరిటె వేసేది.

నేను పెరిగింది బోరబండలో, రైలు పట్టాలకు దగ్గరలో, కిరాయి ఇంట్లో. అమ్మ పొద్దున లేస్తూనే పాట ఎత్తుకునేది. బోళ్లు తోముతూ, బియ్యం చెరుగుతూ, మా నాయన చొక్కాలకు గుండీలు కుడుతూ పాడేది. అన్నీ దేవుడి పాటలే. సినిమా పాట ఒక్కటి ఆమె నోట వినలేదు. చుట్టూ ఉన్నవన్నీ హిందువుల ఇళ్లే. వాళ్లకు అమ్మ పాట గడియారంలా పనికొచ్చేది. ‘అగో, మీ అమ్మ మొదలువెట్టింది, ఇగ నల్లా వస్తది’ అని పక్కింటి అత్త బిందెలు తీసుకుని బయటికొచ్చేది. బతుకమ్మ రోజుల్లో ఆ ఆడవాళ్లు అమ్మను చెయ్యి పట్టుకుని తీసుకుపోయేవాళ్లు. అమ్మ వాళ్లతో పాటు చుట్టూ తిరిగి చప్పట్లు కొట్టేది గానీ పెదవులు విప్పేది కాదు. ‘నీ గొంతు మీ దేవునికి రాసిచ్చినవా ఏందక్కా’ అని వాళ్లు ఏడిపించేవాళ్లు. అమ్మ అవునన్నట్టు నవ్వేది.

మా వాళ్లలో ఎవరు పోయినా అమ్మకే కబురొచ్చేది. శవాన్ని లేపేటప్పుడు పాట ఎత్తుకోవాలి. మా నాయన పోయిన రోజున కూడా ఆ పాట ఆమే ఎత్తుకుంది. ఎవరో ఆపబోతే, ‘నేను పాడకుంటె ఎవరు పాడుతరు?’ అంది. గొంతు వణకలేదు. పాటంతా అయ్యాకే ఏడ్చింది.

అన్నిటికంటే పెద్దది పెద్ద శుక్రవారం పాట. గుడ్ ఫ్రైడే నాడు సిలువ కింద నిలబడి మరియమ్మ కొడుకు కోసం ఏడ్చే పాట. అమ్మ దాన్ని వాళ్ల నాయనమ్మ దగ్గర నేర్చుకుంది. పుస్తకంలో లేదు. ఊళ్లో ఆడవాళ్లు చచ్చినవాళ్ల మీద పడి ఏడ్చే రాగంలోనే ఉంటుంది, చరణం తర్వాత చరణం సాగుతూనే ఉంటుంది. ఆ రోజు జనమంతా వరసలో వచ్చి సిలువను ముద్దుపెట్టుకుంటారు. చివరి మనిషి ముద్దుపెట్టుకునేదాకా అమ్మ పాడేది. వరస ఎంత పొడుగుంటే పాట అంత పొడుగు. నాకు సంగీతం తెలియదు, రాగాల పేర్లు తెలియవు. ఆ పాట వింటూ వరసలో నడిచేటప్పుడు మగవాళ్లు కూడా తల దించుకుని ముక్కులు తుడుచుకోవడం మాత్రం ప్రతి ఏడూ చూశాను.

నాకు ఉద్యోగం స్థిరపడ్డాక, నాయన పోయాక, కొత్తగూడ దగ్గర ఫ్లాటు తీసుకుని అమ్మను తెచ్చుకున్నాను. బోరబండ నుంచి పెద్ద దూరం కాదు గానీ అమ్మకు అది వేరే జిల్లా. నల్లా దగ్గర మాట్లాడేందుకు నల్లాయే బయట లేదు. ఆమెకు ఊరట దొరికింది ఆదివారం పూజలోనే. అప్పట్లో ఇక్కడ చర్చి కట్టలేదు. కిరాయికి తీసుకున్న ఫంక్షన్ హాల్లో, రాత్రి పెళ్లి తాలూకు పూలు ఊడ్చేసి, ప్లాస్టిక్ కుర్చీలు వేసి పూజ చేసేవాళ్లు. వచ్చేది కొద్ది కుటుంబాలు. పాడటం ఒక్కరికీ రాదు. ప్రవేశ గీతం నుంచి చివరి పాటదాకా అంతా అమ్మే. ఆమెకు జ్వరం వస్తే ఆ వారం మూగపూజే. ఈ సంగతి తర్వాత ఎవరికీ గుర్తులేదు. నాకుంది.

తర్వాత స్థలం దొరికింది, చర్చి లేచింది. ఐటీ కుటుంబాలు కార్లలో రావడం మొదలైంది. ఇంగ్లిషు పూజ, తెలుగు పూజ వేరు వేరయ్యాయి. మైకులు, స్పీకర్లు, కీబోర్డు వచ్చాయి. ఆదివారం పూజను ఫోనుల్లో లైవ్‌గా చూపించే ఏర్పాటు కూడా వచ్చింది. గాయక బృందానికి ఒక పెద్దమనిషి నాయకుడయ్యాడు. కృష్ణా జిల్లా వాడు, పెద్ద కంపెనీలో మేనేజరు. మనిషి మెత్తన, మాట ఇంకా మెత్తన. ఆయన ‘అండి’ అన్నప్పుడల్లా నాకు అరికాలి మంట నెత్తికెక్కేది, ఎందుకంటే ఆ అండి వెనకాల ఎప్పుడూ ఒక ‘వద్దు’ ఉండేది.

ఆయన బాధ ఏమిటంటే అమ్మ పాట లాగుతుంది. కీబోర్డు ఒక తాళంలో వెళ్తుంది. అమ్మ తన నడకలో తాను వెళ్తుంది. చర్చిలో జనం కీబోర్డు వెంట కాకుండా అమ్మ వెంట నడుస్తారు. అలవాటైన గొంతు కదా మరి. లైవ్‌లో వింటే పాట రెండు బండ్ల మీద వెళ్తున్నట్టుంటుందట. ఈ మాట అప్పట్లో నాతో ఎవరూ అనలేదు, అమ్మతో అసలు అనలేదు. అంటే అమ్మ త్వరగా పాడటం నేర్చుకునేదేమో. ఆమె చిన్న సిస్టరు చెప్పినా వినే మనిషి. అడగలేదు. వాట్సాప్‌లో వాళ్లలో వాళ్లు మాట్లాడుకుని, సన్మానం చేద్దామని తీర్మానించారు. మెత్తనివాళ్లను చూస్తే మొత్తబుద్ధి అని ఊరికే అనలేదు.

డిసెంబరు మొదటి ఆదివారం, పూజ అయిపోయాక అమ్మను పీఠం ముందుకు పిలిచారు. సన్మానపత్రం చదివారు. ‘సుదీర్ఘ సేవలు’ అన్నారు, ‘నిస్వార్థం’ అన్నారు, ‘విశ్వాస జీవితం’ అన్నారు, ‘యువతకు ఆదర్శం’ అన్నారు. అమ్మ పట్టుచీర కట్టుకుని, మెడలో జపమాలతో, తల కొంచెం ముందుకు వంచి ఒక్కో మాటా వింటూ కూర్చుంది. ఆఖర్న, ‘ఇకపై అమ్మగారు హాయిగా విశ్రాంతి తీసుకోవాలని మనందరి కోరిక’ అన్నారు. మా చర్చిని చూసుకునే విచారణ గురువు స్వయంగా తన చేతులతో శాలువా కప్పాడు. అక్కడే చప్పట్లు మోగాయి.

ఆ తర్వాతి ఆదివారం అమ్మ ఎప్పటిలాగే కీబోర్డు పక్కనున్న తన స్టూలు దగ్గరికి వెళ్లింది. స్టూలు లేదు. అక్కడ ఒక నల్లటి స్పీకరు ఉంది. బృందంలో పాడే ఒక అమ్మాయి నవ్వుతూ వచ్చి చెయ్యి పట్టుకుంది. ‘ఇక నుంచి మీరు ముందు వరసలో కూర్చోవాలి అమ్మమ్మా, మీరు వీఐపీ’ అంది. అమ్మ వెళ్లి ముందు వరసలో కూర్చుంది. పాట మొదలైంది. జనమంతా పాడుతున్నారు. అమ్మ నోరు కదల్లేదు. నేను మోచేత్తో పొడిచి, పాడమ్మా అన్నాను. ‘ఫాదర్ విశ్రాంతి అన్నడు గద’ అంది, అంతే.

సరే, చర్చిలో పాడదు. ఇంట్లో? ఇంట్లోనూ ఆపేసింది. నాకు వారం రోజులు తెలియనే లేదు. ఒక పొద్దున వంటింట్లో కుక్కరు కూత తర్వాత ఏ చప్పుడూ లేకపోతే, ఏమైందో అని పరుగెత్తాను. అమ్మ నిలబడి చిక్కుడుకాయలు ఒలుస్తోంది.

“పాడుతలేవు ఎందుకమ్మా?”

“విశ్రాంతి తీసుకోమన్నరు.”

“అది గుళ్లె. ఇంట్ల ఎవరు వద్దన్నరు?”

“గుళ్లె ఒక విశ్రాంతి, ఇంట్ల ఒక విశ్రాంతి ఉంటదా బిడ్డా? గురువు చెప్పినంక చెప్పినట్టే.”

నేను అరిచాను. ఆయన దేవుడా ఏమిటి, మర్యాదకు అన్న మాటను పట్టుకుని నోరు కట్టేసుకుంటావా అన్నాను. అమ్మ చిక్కుడుకాయ ఈనె తీస్తూ, ‘ఊకో, పరేషాన్ గాకు’ అంది. మొత్తం ఫ్లాటులో నా అరుపు ఒక్కటే మిగిలింది. అమ్మ మళ్లీ పాడాలి. పోయేలోపు పాడాలి. అప్పటి నుంచి నాకు ఇంకో ధ్యాస లేదు.

ఆదివారం పూజ కాగానే పార్కింగులో బృంద నాయకుణ్ణి పట్టుకున్నాను.

“మా అమ్మ స్టూలు ఎందుకు తీసేసిన్రు సార్?”

“అయ్యో, తీసేయడం కాదండి. అమ్మగారంటే మాకు చాలా గౌరవమండి.”

“గౌరవం ఉంటే కూర్చోనియ్యాలె గద.”

“అంటే, లైవ్‌లో చూసేవాళ్లు రాస్తున్నారండి, టెంపో పడిపోతోందని. మా వైపు నుంచి అమ్మగారిని ఏనాడూ ఒక్క మాట అనలేదండి. చక్కగా సన్మానం చేసే కదండీ...”

“సన్మానం చేసిన్రా, సాగనంపిన్రా?”

ఆయన ముఖం చిన్నబుచ్చుకుని, కారు తాళాలు వేలికి తిప్పుకుంటూ, ‘మీరు తప్పుగా అనుకుంటున్నారండి’ అన్నాడు. నేను తప్పుగా అనుకోను. తప్పును తప్పు అనుకుంటాను. ఆ మాట ఆయనకు చెప్పేశాను కూడా. మా ఆయన నన్ను చెయ్యి పట్టుకుని కారు దగ్గరికి లాక్కుపోయాడు.

తర్వాత గురువు దగ్గరికి వెళ్లాను. ఆయన మంచివాడే, అదే నా ఖర్మ. చెడ్డవాడైతే తిట్టి ఊరుకునేదాన్ని. ఆయన ఆశ్చర్యపోయి, ‘నేను పాడవద్దన్నానా అమ్మా? విశ్రాంతి అనేది అలాంటి సందర్భంలో అనే మాట కదా’ అన్నాడు. ఆ ముక్క ఒకసారి ఇంటికొచ్చి మా అమ్మతో చెప్పండి ఫాదర్ అన్నాను. తప్పకుండా వస్తానన్నాడు. క్రిస్మస్ హడావిడి అయింది, కొత్త సంవత్సరం అయింది, ఈస్టరుకు ముందు వచ్చే తపస్సు కాలం మొదలైంది. ఆయన రాలేదు. ప్రతి ఆదివారం గుమ్మం దగ్గర కనిపించి, ‘గుర్తుందమ్మా, వస్తాను’ అనేవాడు. చర్చికీ మా ఇంటికీ మధ్య ఉన్నది ఒక ఫ్లైఓవరు.

ఆయన రాడని తేలాక నేనే చెప్పాను. “అమ్మా, ఫాదర్ పాడమన్నడు. వద్దని అనలేదట.”

అమ్మ జపమాల పక్కన పెట్టింది. “నువ్వు కొట్లాడి తెచ్చినవ్ ఆ మాట. ఆయన ఇచ్చింది గాదు.”

ఇంత వినయాన్ని ఎవరు నేర్పారో వాళ్ల మీద నాకు ఒళ్లు మండింది. అమ్మ మీద కూడా మండింది. అంత పాట తెలిసిన మనిషి, ఒక్కసారి, ఒకే ఒక్కసారి, పోండిరా, నా పాట నాది అని ఎందుకు అనదు?

తపస్సు కాలమంతా గాయక బృందం సాయంత్రాలు సాధన చేసింది. ఆఫీసు నుంచి వస్తూ చర్చి ముందు నుంచే వచ్చేదాన్ని కాబట్టి వినబడేది. కీబోర్డు వాయిస్తుంటే పాటలు బాగానే వస్తున్నాయి. కాదనను. అయితే మా సంప్రదాయంలో ఒక నియమం ఉంది. పెద్ద శుక్రవారానికి ముందు రోజు, గురువారం సాయంత్రం పూజలో గంటలు మోగాక, ఇక ఈస్టరు దాకా గంటలు మోగవు, వాయిద్యాలు పలకవు. మా చర్చిలో దాన్ని గట్టిగా పాటిస్తారు. కీబోర్డు మీద గుడ్డ కప్పేస్తారు. శుక్రవారం ఒట్టి గొంతుతో పాడాలి. ఇన్నేళ్లూ ఆ రోజు అమ్మ ఎత్తుకునేది, మిగిలినవాళ్లు అందుకునేవాళ్లు. అందుకే ఆ రోజు సంగతి వాళ్లెవరూ ఎన్నడూ ఆలోచించలేదు. డిసెంబరులో శాలువా కప్పినప్పుడు, ఏప్రిల్‌లో ఒక శుక్రవారం వస్తుందని ఒక్కరికీ తట్టలేదు. వాళ్ల సాధన వింటుంటే నాకు తట్టింది. ఉద్యోగంలో అయితే ఆ తప్పును వెంటనే రాసి పంపేదాన్ని. ఇక్కడ పంపలేదు. పడనీ అనుకున్నాను. ఇప్పటికీ ఆ విషయంలో నాకేమీ విచారం లేదు.

పెద్ద శుక్రవారం మధ్యాహ్నం ఎండ మండిపోతోంది. చర్చి నిండి, మెట్లు నిండి, పార్కింగులో షామియానా కింద కూడా జనం. క్రీస్తు శ్రమల చరిత్ర చదివారు. గురువు సిలువ మీది గుడ్డ తీసి పైకెత్తి చూపించాడు. జనం ముద్దుపెట్టుకోవడానికి వరస కట్టారు. బృందం పాట ఎత్తుకుంది. శ్రుతి కోసం ఎవరో ఫోను చెవి దగ్గర పెట్టుకున్నారు. పల్లవి బాగా పైనుంచి మొదలైంది. చరణంలో ఆడపిల్లల గొంతులు అందుకోలేక విరిగిపోయాయి, మగవాళ్లు ఒక్కొక్కరు ఒక్కో మెట్టు దిగారు. ఆపి ఇంకో పాట ఎత్తుకున్నారు. అది రెండో చరణానికే నేల మీద పడింది. ఎవరో ఫోనులో పాట పెట్టబోయారు. గురువు పీఠం దగ్గర నుంచి చూసిన చూపుకి అది కూడా ఆగింది. వరస మాత్రం గేటు దాకా ఉంది.

అప్పుడు బృంద నాయకుడు మైకు తీసుకుని మెట్లు దిగాడు. అందరూ చూస్తుండగా ముందు వరసకు వచ్చి, అమ్మ కుర్చీ పక్కన మోకాళ్ల మీద కూర్చున్నాడు. “అమ్మగారూ, మీ పాట ఎత్తుకోండమ్మా. మేం అందుకుంటాం.”

చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అంటే ఇదే. నాకు నవ్వొచ్చింది, గట్టిగా నవ్వాలనిపించింది. పాడకమ్మా, అట్లనే ఉండనియ్ అని చెవిలో అనబోయాను. అమ్మ నావైపు చూడలేదు, ఆయనవైపూ చూడలేదు. నేరుగా గురువువైపు చూసింది. ఆయన సిలువను రెండు చేతులతో పట్టుకుని నిలబడి ఉన్నాడు. అమ్మను చూసి తల ఊపాడు. అందరికీ తెలిసేలా, పెద్దగా ఊపాడు.

ఆ క్షణం అమ్మ ముఖం ఎలా మారిందో నేను చూశాను. ఇన్ని నెలలూ ఆమె విశ్రాంతి తీసుకోలేదు. ఆ తల ఊపు కోసం కాచుకుని కూర్చుంది. కొంగుతో పెదవులు తుడుచుకుంది. నా భుజం పట్టుకుని లేచింది. నా కోపమంతా ఎటు పోయిందో, పాడు అమ్మా, పాడు అనుకుంటూ నేనూ లేచి నిలబడ్డాను.

అమ్మ నోరు తెరిచింది. గాలి వచ్చింది. పాట రాలేదు.

మళ్లీ ఊపిరి తీసుకుంది. ఈసారి గొంతులో ఏదో గీసుకున్నట్టు చిన్న చప్పుడు, తర్వాత దగ్గు. నాయకుడు సాయం చేద్దామని మైకును ఇంకా దగ్గరికి పెట్టాడు. స్పీకర్లలోంచి, పార్కింగులో షామియానా కింద ఉన్నవాళ్లకు కూడా, మా అమ్మ ఒట్టి ఊపిరి వినిపించింది. మూడోసారి కూడా ప్రయత్నించింది. మెడ మీద నరాలు లేచాయి. తర్వాత నోరు మూసుకుని, మోకాళ్ల మీదున్న ఆయన చేతిని రెండుసార్లు తట్టి, కూర్చుంది. ఓదార్చింది ఆయన్ని! వరస ఏ పాటా లేకుండా, చెప్పులు లేని అడుగుల చప్పుడుతో కదిలింది. చివర్లో అమ్మ కూడా నా చెయ్యి పట్టుకుని వెళ్లి సిలువను ముద్దుపెట్టుకుంది.

ముసలితనం అన్నారు అందరూ. ఎనభై దాటాక మామూలే అన్నారు. ఏం మామూలు? న్యుమోనియా వచ్చి దవాఖాన మంచం మీద పడుకుని కూడా పాడిన గొంతు అది. భర్త శవం పక్కన వణకని గొంతు. డిసెంబరులో, శాలువా కప్పిన రోజున కూడా, చర్చి మొత్తాన్ని తన వెనకాల నడిపించిన గొంతు. ఏప్రిల్‌కు లేదు. ఈస్టరు నాడు నాయకుడు పూలగుత్తి పట్టుకుని ఇంటికొచ్చాడు. ‘అమ్మగారికి ఎలా ఉందండి’ అన్నాడు. నేను గుమ్మంలోనే నిలబడి పూలు తీసుకుని తలుపు వేసేశాను. మర్యాద తెలియనిదాన్ని అనుకుని ఉంటాడు. అనుకోనీ.

ఆ వారంలోనే కొండాపూర్‌లో చెవి, ముక్కు, గొంతు డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాను. సన్నటి గొట్టం పెట్టి చూశాడు. జబ్బేమీ లేదన్నాడు. ఈ వయసులో గొంతు రోజూ వాడుతున్నంతకాలం ఉంటుంది, వాడటం ఆపితే కాళ్లు పట్టేసినట్టే పట్టేస్తుంది, మాట మిగులుతుంది గానీ పాట తిరిగి రావడం కష్టం అన్నాడు. ‘అంతకాలం పాడినవారు ఒక్కసారి ఎందుకు ఆపేశారు?’ అని అడిగాడు.

“సన్మానం జరిగింది డాక్టర్” అన్నాను.

ఆయనకు అర్థం కాలేదు.

తిరిగొచ్చేటప్పుడు కొత్తగూడ కూడలిలో ఇరుక్కుపోయాం. ఎటు చూసినా కార్లు, వాటి మధ్య బైకులు, హారన్లు. నేను స్టీరింగు పట్టుకుని తిడుతున్నాను. ట్రాఫిక్‌ను, డాక్టరును, నాయకుణ్ణి, ఫ్లైఓవరు దాటి రాలేకపోయిన గురువును, ఒకరి తర్వాత ఒకరిని. అమ్మ పక్క సీట్లో జపమాల తిప్పుతూ వింటోంది.

“దేవుడు ఇచ్చిండు, దేవుడు తీసుకున్నడు. ఊకో బిడ్డా” అంది. ఆ కాస్త మాట కూడా బొంగురుగా, లోపలికి పోయినట్టుంది. వినడానికి నేను అద్దాలు పైకి ఎత్తవలసి వచ్చింది.

“దేవుడు తీసుకోలే అమ్మా. తీసుకున్నోళ్ల ఫోన్ నంబర్లు నా దగ్గర ఉన్నయ్.”

అమ్మ నవ్వలేదు. ముందున్న బస్సును చూస్తూ అంది.

“ప్రతి పాపసంకీర్తనంల నాది ఒకటే పాపం. గర్వం. పాట మీద గర్వం. చిన్నప్పటి సంది గదే చెప్తుంటి. గురువులు మారిన్రు, నా పాపం మారలే.” ఊపిరి తీసుకుంది. “ఇప్పుడు పాటనే లేదు. ఇగ అడిగితే గర్వం గాదు గద?”

“ఏం అడుగుతవ్ అమ్మా?”

“నేను మంచిగ పాడుతుంటినా?”

అంత పాడిన మనిషికి ఆ సంగతి తెలియదని నేను ఏనాడూ అనుకోలేదు.

“మంచిగ పాడుతుంటివి అమ్మా. నీ అంత మంచిగ పాడేటోళ్లను నేను ఎక్కడా వినలే.”

“నిజంగనా?”

“నిజంగ.”

“మరి ఆనాడు అంత పెద్ద కాగితం చదివిన్రు గద” అంది అమ్మ. “అండ్ల ఉంటదేమో అని చివరిదాక చూసిన. ఎవ్వరు అనలే.”

గ్రీన్ సిగ్నల్ పడింది. ముందు బస్సు కదిలింది. వెనకవాడు హారన్ కొట్టాడు, వాడి వెనకవాడు కొట్టాడు, ఆ తర్వాత అందరూ కొట్టారు. నేను కారు కదల్చలేదు. కొట్టుకోనీ అనుకున్నాను.